రెండు కానుగలు, రెండు లాగర్లు: ఏడాది వాడాక

పరికరానికి నాలుగు స్టార్లు, దాంతో వచ్చే యాప్‌కి రెండు. కలిపి మూడు వేస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటి డబ్బీలు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. నేను చెప్పే తిప్పలు ఏది కొన్నా పనికొస్తాయి.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెల్ల డబ్బీ. దీన్ని డేటా లాగర్ అంటారు. లోపల వేడీ తేమా కొలిచే సెన్సర్, ఒక బొత్తాం బ్యాటరీ, చిన్న మెమరీ ఉంటాయి. కొమ్మకి కట్టి వదిలేస్తే మనం పెట్టిన గడువుకొకసారి రీడింగ్ రాసుకుంటుంది. దగ్గరికెళ్ళి ఫోన్ తీస్తే బ్లూటూత్‌లో అన్నీ అప్పజెబుతుంది. యాప్‌లో ‘సీజన్ క్యాలెండర్’ అని ఒక భాగం ఉంది. వేడిని లెక్కగట్టి, మీ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో ముందే చెబుతానంటుంది. నేను కొన్నదే దానికోసం. రెండు కలిపి ఒక ప్యాక్‌లో వచ్చాయి.

ఎందుకు కొన్నానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను బోటనీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్ళ కిందట ఒకే కానుగ చెట్టు కాయలు తెచ్చి మొలకెత్తించి, ఒక మొక్క మా సందులో గేటు పక్కన నాటాను, ఇంకొకటి నగరం బయట పొలం ఉన్న మా తమ్ముడికిచ్చాను. వాడు గట్టు మీద నాటాడు. రెండూ చెట్లయ్యాయి. ఏటా చిగుళ్ళ వేళకి వాడు ఫోన్ చేస్తాడు, “అక్కా, మీది వచ్చిందా?” అని. మాది ఎప్పుడూ ముందే. మొదట్లో రెండు మూడు రోజులు. ఈమధ్య వారం దాటుతోంది. “సిటీ కదా, అన్నిటికీ తొందరే” అంటాడు వాడు. ఆ తొందర ఎంత, ఎందుకు అన్నది నాకు కొలిచి చూడాలనిపించింది.

ఒకే తల్లి గింజలు కదా, తేడా ఎందుకుండాలి అనకండి. ఒకే తల్లి పిల్లలమే నేనూ వాడూను, నేను నాలుగింటికి లేస్తాను, వాడు ఎనిమిదింటికి.

పెట్టెలో వచ్చిన కాగితంలో ‘ఎక్కడైనా తగిలించుకోవచ్చు’ అని ఉంది. నమ్మకండి. మొదటి రోజు మా కానుగకి పడమటి వైపు కొమ్మకి కట్టాను. మధ్యాహ్నం మూడింటికి చూస్తే 44 డిగ్రీలు. అది జనవరి! ఎండ నేరుగా డబ్బీ మీద పడుతోంది, అది కొలుస్తున్నది గాలి వేడిని కాదు, తన ఒంటి వేడిని. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లని తెల్ల రంగు వేసిన, చుట్టూ రెక్కల కిటికీలున్న చెక్కపెట్టెలో పెట్టేది ఇందుకే. ఆ పెట్టెని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు, థామస్ స్టీవెన్సన్ అనే ఇంజనీరు పంతొమ్మిదో శతాబ్దంలో రూపొందించింది. లైట్‌హౌస్‌లు కట్టే మనిషాయన. నేను కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళేలు ఆరు తీసుకుని, బోర్లించి, మధ్యలో వేలెడంత సందులుంచి పొడవాటి బోల్టులతో ఒకదాని మీద ఒకటి బిగించి, తెల్ల పెయింటు వేశాను. డబ్బీ వాటి నడుమ వేలాడుతుంది. గాలి ఆడుతుంది, ఎండ తగలదు. మర్నాడు అదే మూడింటికి 32 చూపించింది. ఇంత ముఖ్యమైన సంగతి కాగితంలో ఒక్క ముక్క రాయకపోవడం నాకు నచ్చలేదు.

రెండో పరీక్ష ఐసుతో. ఐసు దంచి, నీళ్ళు కలిపి, గ్లాసులో గుజ్జులా ఉండేలా చేసి, డబ్బీలని గాలి పోకుండా ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ముంచాను. కరిగే ఐసు సున్నా డిగ్రీల దగ్గర నిలబడుతుంది కాబట్టి అంతకన్నా మంచి కొలబద్ద ఇంట్లో దొరకదు. అరగంటకి ఒకటి 0.2 చూపించింది, రెండోది 0.6. చిన్న తేడానే, కానీ నేను వెతుకుతున్నది కూడా రెండు మూడు డిగ్రీల తేడానే. తర్వాత వారం రోజులు రెండిటినీ పక్కపక్కనే వేలాడదీసి చూశాను, ఆ 0.4 తేడా అలాగే నిలకడగా ఉంది. అప్పట్నుంచి రెండోదాని రీడింగులన్నిట్లోంచి 0.4 తీసేసి చదువుకుంటున్నాను. నిలకడగా తప్పు చెప్పే పరికరంతో ఇబ్బంది లేదు. నాలుగు స్టార్లు అందుకే.

ఇక ఒక రాత్రి సంగతి. జనవరి చివర్లో, గాలి లేని, మబ్బు లేని రాత్రి. సూర్యుడు దిగే వేళకి తమ్ముడి గట్టు దగ్గరా మా సందులోనూ దాదాపు ఒకే వేడి, 29కి అటూ ఇటూ. అక్కణ్నుంచి గ్రాఫులో గీతలు విడిపోవడం మొదలైంది. పొలం గీత జారుడుబల్ల మీద నుంచి దిగినట్టు దిగిపోయింది. రాత్రి తొమ్మిదికి అక్కడ 22.5. మా సందులో 26.5. తెల్లవారుజామున అయిదున్నరకి పొలంలో 18, మాకు 21. సూర్యుడొచ్చి రెండు గంటలయ్యేసరికి రెండు గీతలూ మళ్ళీ కలిసిపోయాయి. ఆ తర్వాత ఎన్ని రాత్రులు చూసినా కథ ఇదే. మబ్బు పట్టినా, గాలి వీచినా తేడా తగ్గుతుంది. పగలు మాత్రం ఎప్పుడూ ఒక డిగ్రీ దాటలేదు.

నగరం వేడి అంటే మనకి మిట్టమధ్యాహ్నం గుర్తొస్తుంది. చెట్టుకి జరిగేది రాత్రి. పగలంతా గోడలూ రోడ్డూ వేడిని మింగుతాయి, పొద్దుపోయాక కక్కుతాయి. పొలంలో నేలకి ఎదురుగా ఆకాశమంతా తెరుచుకుని ఉంటుంది, వేడి అలా పైకి పోతుంది. మా సందులో అయిదంతస్తుల గోడల మధ్య కనిపించే ఆకాశం ఒక చాపంత. దానికి తోడు గోడలకి బిగించిన ఏసీల వెనక పెట్టెలు. తడి మట్టి ఉంటే నీరు ఆవిరవుతూ కాస్త చల్లబరిచేది, ఆ మట్టీ లేదు. ఈ తేడాని మొదట పట్టుకున్నవాడు లూక్ హొవార్డ్. ఆయన 1818లో అచ్చువేయడం మొదలుపెట్టిన లండన్ వాతావరణం పుస్తకంలో, పల్లె కన్నా నగరం రాత్రిపూట 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు వెచ్చగా, పగలు పిసరంత చల్లగా ఉంటుందని లెక్క తేల్చాడు. సెల్సియస్‌లో రెండు డిగ్రీల చిల్లర. ఏసీలూ కార్లూ లేని కాలమది. నా గ్రాఫు చూశాక ఆయన మీద గౌరవం పెరిగింది. ఆయన దగ్గర బ్లూటూత్ కూడా లేదు.

ఇప్పుడు యాప్.

దాని లెక్క పాతదే. 1735లోనే ఫ్రాన్సులో రియోమూర్ అనే ఆయన పంట పండడానికి పట్టే వేడిని రోజు రోజూ కూడి చూశాడు. ఇప్పుడు దాన్ని డిగ్రీ-డేలు అంటున్నారు. రోజులో ఎక్కువ వేడి, తక్కువ వేడి కూడి సగం చేయాలి. అందులోంచి ఒక ‘కనీస ఉష్ణోగ్రత’ తీసేయాలి, అంతకన్నా చల్లగా ఉంటే మొక్క ఎదగదని లెక్క. మిగిలింది ఆ రోజు ఖాతాలో జమ. జమ ఒక మొత్తానికి చేరినప్పుడు మొగ్గ విచ్చుతుంది. యాప్ ఆ కనీసాన్ని 10 డిగ్రీలుగా పెట్టింది. మొక్కజొన్నకి వాడే అంకె అది. కానుగకి ఎంతో యాప్‌కి తెలియదు, అసలు జాబితాలో కానుగే లేదు. ‘ఇతర చెట్లు’ అని నొక్కాల్సొచ్చింది. ఆ 10ని మార్చుకునే వీలు కూడా ఇవ్వలేదు.

అయినా లెక్క కట్టి చూద్దాం. సులువుగా ఉండేలా గుండు అంకెలు తీసుకుంటున్నాను. జనవరి 1 నుంచి రెండు నెలలు, రెండు చోట్లా పగటి వేడి 32 అనుకోండి. పొలంలో రాత్రి 18, సగటు 25, రోజుకి 15 జమ. మా సందులో రాత్రి 21, సగటు 26.5, రోజుకి 16.5 జమ. అరవై రోజులకి మా చెట్టు ఖాతాలో 990. పొలం చెట్టు అదే మొత్తం కూడబెట్టాలంటే 66 రోజులు కావాలి. అంటే మాది ఆరు రోజులు ముందు. అసలు రీడింగులతో యాప్ చెప్పిందీ అదే: ఆరు రోజులు.

జరిగింది పద్నాలుగు రోజులు.

తేదీ ఎలా రాశానో చెప్పాలి, లేకపోతే ఈ పద్నాలుగుకి విలువ లేదు. కానుగ మోడుబారి కూర్చుని, తర్వాత తాపీగా చిగురించే చెట్టు కాదు. ముదురాకు రాలుతుండగానే వెనకే చిగురు తోసుకొస్తుంది. ముందు కొమ్మ చివర గోధుమరంగు మొటిమలాంటిది ఉబ్బుతుంది. రెండు మూడు రోజుల్లో అది చీలి, ఎర్రటి లేత రేకులు మడతపడి బయటికొస్తాయి. పట్టుకుంటే మెత్తగా, తడిగా ఉన్నట్టుంటాయి, కానీ వేలికి తడి అంటదు. ఇంకో వారానికి నూనె రాసినట్టు మెరిసే లేతాకుపచ్చ. అప్పుడు సందంతా ఒక రకమైన వెలుగొస్తుంది. ముదురాకుల మీదేమో ఆకు తొలిచే పురుగు గీసిన తెల్ల ముగ్గులు, నల్లి వల్ల వచ్చిన బుడిపెలు. ఏడాదంతా మోసిన ఆ ఆకుల పక్కన కొత్తాకు చూస్తే స్కూలు తెరిచిన మొదటి రోజు యూనిఫారాలు గుర్తొస్తాయి. నేను రాసుకున్న తేదీ, మూడు వేర్వేరు కొమ్మల మీద మొగ్గ చీలి ఆకు మడత కనిపించిన రోజు. తమ్ముడికి కూడా ఇదే నేర్పి, ఫొటో పంపితేనే ఒప్పుకున్నాను.

కాబట్టి ఎనిమిది రోజులు మిగిలాయి. యాప్ ఖాతాలో లేని ఎనిమిది రోజులు.

మొదటి అనుమానం వీధి దీపం మీద. కానుగకి ఉత్తరం వైపు కొమ్మ ఒకటి ఎల్‌ఈడీ దీపానికి చేతికందేంత దగ్గరగా ఉంది. చెట్టంతా ముదురాకు రాల్చేసినా ఆ కొమ్మ మాత్రం ముగ్గుల ఆకులు పట్టుకునే ఉంది, గొడుగు మూయడం మరిచిపోయిన మనిషిలా. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఎడ్విన్ మాట్జ్కే అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1936లోనే వీధి దీపాల పక్కన కొన్ని చెట్లు ఆకు రాల్చడం ఆలస్యం చేస్తాయని రాశాడు. చెట్టు రాత్రి పొడవుని బట్టి ఋతువుని తెలుసుకుంటుంది, ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఆ పని చూస్తుంది. దీపం పెడితే రాత్రి పొట్టిదైనట్టే లెక్క. అమెరికా నగరాల మీద 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, రాత్రి వెలుతురున్న చోట్ల మొగ్గలు సగటున తొమ్మిది రోజుల దాకా ముందు విచ్చాయనీ, ఆకు రంగు మారడం ఆరు రోజులు వెనక్కి జరిగిందనీ తేలింది. చలి దేశాల చెట్ల లెక్క అది. మా దీపం కొమ్మ అన్నిటికన్నా చివర చిగురించింది. అంటే దీపం వల్ల మా చెట్టులో ఆ ఒక్క కొమ్మ వెనకబడిందే తప్ప మిగతా చెట్టు ముందుకి పోవడానికి అదే కారణమని చెప్పలేను. ఒకే చెట్టులో రెండు క్యాలెండర్లు. యాప్‌కి ఇది చెప్పుకునే గడి లేదు, ‘చెట్టు: ఒకటి, తేదీ: ఒకటి’ అంతే.

రెండో అనుమానం నరుకుడు. నవంబరులో కరెంటు తీగల కోసం పైకొమ్మలు కొట్టేశారు. కొట్టిన చోట పక్కమొగ్గలు లేచి అకాలంగా పిలకలు వేస్తాయి. ఆ పిలకలని నా లెక్కలోంచి మొదటే తీసేశాను కాబట్టి అది కూడా కాదు.

జవాబు మా వాచ్‌మన్ దగ్గర ఉంది. నేను ఫోన్ పట్టుకుని చెట్టు కింద రోజూ తిరగడం చూసి ఒకరోజు అడిగాడు.

“ఏం చూస్తున్నారు టీచరమ్మా?”

“ఈ చెట్టు అన్నిటికన్నా ముందు ఎందుకు చిగురేసిందా అని చూస్తున్నానయ్యా.”

“దానికేం టీచరమ్మా, రోజూ పొద్దున మన ట్యాంకు నిండి కారేది దాని మొదట్లోకే కదా.”

వెళ్ళి చూశాను. పైపు గోడ వెంట దిగి, సిమెంటు పలకల కింద దూరి, సరిగ్గా చెట్టు మొదట్లో తేలుతోంది. ఇరవై రెండేళ్ళుగా గేటు ఈవల నుంచే చూస్తున్నాను, ఆవల వైపు ఎప్పుడూ తొంగిచూడలేదు.

ఇక్కడ కాస్త ఆగాలి. వేడి దేశపు చెట్లకీ, యాప్ తయారుచేసిన వాళ్ళ మనసులో ఉన్న చెట్లకీ తేడా ఇక్కడే ఉంది. చలి దేశంలో చెట్టుని ఆపేది చలి, అందుకే వేడి కూడితే తేదీ తెలుస్తుంది. మన దగ్గర జనవరిలో కూడా వేడికి కొదవలేదు. ఆకు రాల్చేది నీటికోసం. రాల్చి ఖర్చు తగ్గించుకుని, లోతు వేళ్ళతో దొరికిన నీరు పైకి లాగి, వాన చుక్క పడకముందే, ఎండలు ముదురుతుండగానే చిగురేస్తాయి. రుతుపవనాల అడవుల్లో చెట్లు ఇలా ఎండాకాలంలో చిగురించడం శాస్త్రవేత్తలకి చాలాకాలం చిక్కుప్రశ్నగానే ఉండేది. పగటి పొడవు పెరగడం కొన్నిటికి సంకేతమని అంటారు. ఏదైనా లోపల నీరుండాలి. నగరం ఇక్కడ రెండు చేతులతో రెండు పనులు చేస్తుంది. ఒక చేత్తో నేలంతా సిమెంటు పరిచి వాన నీరు ఇంకకుండా చేస్తుంది. ఇంకో చేత్తో కారే పైపులు, లాన్‌కి కొట్టే నీళ్ళు, ట్యాంకు పొర్లుడు. ఒకే వీధిలో ఒక చెట్టుకి కరువు, పక్క చెట్టుకి పండగ.

అనుమానం తీర్చుకోవడానికి మా సందులోనే, గేటు నుంచి నలభై అడుగులేస్తే వచ్చే ఇంకో కానుగని చూశాను. దానికి దీపం లేదు, పైపు లేదు, వేడి మాత్రం మాదే. పోయిన సీజన్‌లో దాన్నీ రాసుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. అది పొలం చెట్టు కన్నా అయిదు రోజులు ముందు చిగురించింది.

యాప్ చెప్పింది ఆరు.

ఇది చూసి మూడు స్టార్లని నాలుగు చేద్దామా అనుకున్నాను. తర్వాత కనీసాన్ని 10 బదులు 15 పెట్టి నేనే కాగితం మీద కట్టాను. పైన చెప్పిన గుండు అంకెలతోనే, మా చెట్టు ఖాతాలో అరవై రోజులకి 690, పొలంలో రోజుకి 10 చొప్పున 69 రోజులు. తేడా తొమ్మిది. అంటే ఎవరో ఎక్కడో మొక్కజొన్న కోసం పెట్టిన అంకె మా కానుగకి కాకతాళీయంగా కుదిరింది. మార్కులు వేయొచ్చు, ఫస్ట్ క్లాస్ ఇవ్వలేం.

యాప్ ఇంకో తప్పు కూడా చేస్తుంది. ఎంత వేడి పెరిగితే అంత ముందు అని ఒకే వాలులో గీత గీసేస్తుంది. చెట్లు అలా నడవడం లేదు. యూరప్‌లో ఏడు రకాల చెట్లని చూసిన 2015 నాటి అధ్యయనంలో, 1980–1994 మధ్య ఒక డిగ్రీ వేడికి నాలుగు రోజులు ముందుకి జరిగిన చిగురు, 1999 తర్వాత రెండు రోజుల చిల్లరే జరిగింది. ఆ చెట్లకి శీతాకాలపు చలి కూడా కావాలి. ఆపిల్, పీచ్ లాంటివి 7 డిగ్రీలకి దిగువన కొన్ని వందల గంటలు గడిపితేగాని సరిగా నిద్ర లేవవు. శీతాకాలం వెచ్చబడితే వసంతపు వేడి ముందుకి లాగుతుంది, చాలని చలి వెనక్కి లాగుతుంది. అమెరికాలోని 85 నగరాలని ఉపగ్రహాల్లోంచి చూసిన లెక్కలో కూడా నగరం లోపల ఆకు సగటున ఆరు రోజులు ముందే వస్తోంది, కానీ వేడికి స్పందించే గుణం పల్లె కన్నా తగ్గింది.

ఈ చలి లెక్క యాప్‌లోనూ ఉంది, దాంతో నాకు పెద్ద కాలక్షేపం అయింది. డిసెంబరు నుంచి వారం వారం హెచ్చరిక: ‘మీ చెట్టుకు చలి గంటలు: 0. నిద్ర పూర్తికాలేదు.’ కానుగకి ఆ నిద్రే అక్కర్లేదు. ఆపే మీట ఎక్కడా దొరక్క, కస్టమర్ కేర్‌కి రాస్తే యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. హెచ్చరికలు అలాగే ఉన్నాయి, పాత రీడింగులు పోయాయి.

రీడింగులు పోవడం అంటే గుర్తొచ్చింది, అసలు ఒళ్ళు మండిన సంగతి. డబ్బీ 8,000 రీడింగులు దాచుకుంటుంది. పది నిమిషాలకొకటి పెడితే రోజుకి 144, అంటే 55 రోజులు. నిండాక ఆగదు, చెప్పదు, పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. తమ్ముడి దగ్గరున్న డబ్బీని రెండు నెలలు దాటాక ఖాళీ చేశాను. మొదటి పన్నెండు రోజులు గల్లంతు. అరగంటకొకటి పెట్టుకోండి, 166 రోజులొస్తుంది. చెట్టుకి పది నిమిషాల పంక్చువాలిటీ అవసరం లేదు. బ్యాటరీ మూత దగ్గర రబ్బరు రింగు కూడా చూసుకోండి. నాది సరిగా కూర్చోక చీమలు దూరాయి, గుడ్లు కూడా పెట్టాయి. ఆ రోజుల్లో తేమ రీడింగు 99 దగ్గర ఇరుక్కుంది.

ఒక్కటే కొందామనుకునే వాళ్ళకి ఒక మాట. ఒంటి డబ్బీతో నగరమెంత, మారుతున్న వాతావరణమెంత అన్నది విడదీయలేరు. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 1818 నుంచి ఉద్యోగులు ఒకరి తర్వాత ఒకరు, ఊరి నడుమ ఉన్న ఒక చెస్ట్‌నట్ చెట్టు మొదటి ఆకు ఎప్పుడు వేసిందో రాస్తూ వస్తున్నారు. చెట్టు చనిపోతే పక్కదాన్ని ఎన్నుకుంటారు. ఆ తేదీలు చాలా ముందుకొచ్చాయి. కానీ ఈ రెండొందల ఏళ్ళలో చెట్టు చుట్టూ ఊరు కూడా పెరిగింది కదా. జపాన్‌లోని క్యోటో చెర్రీ పూల లెక్కలు ఇంకా పాతవి, తొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నాయి. 2021లో మార్చి 26న నిండుగా పూశాయి, అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్ళలో అంత ముందు ఎప్పుడూ లేదు. అక్కడ కూడా వెచ్చదనంలో భూమి మొత్తానిది కొంత, క్యోటో నగరానిది కొంత. పారిశ్రామిక కాలం ముందుతో పోలిస్తే 2011–2020 నాటికి భూమి సగటున 1.1 డిగ్రీలు వెచ్చబడింది. మా సందుకీ పొలానికీ రాత్రి తేడా మూడు. భూమిదైన ఆ ఒక్క డిగ్రీ ఇక్కడా అక్కడా ఉంది, ఈ మూడు మాత్రం మా సందుది. జంటగా పెడితేనే ఇది కనిపిస్తుంది. అందుకే జంట ప్యాక్ కొనండి, ఒకటి ఊరవతల మీవాళ్ళెవరికైనా ఇవ్వండి.

ఊరవతల అంటే ఎంత అవతల అన్నది ఇప్పుడు నా చిక్కు. అమెరికా తూర్పు భాగంలో ఉపగ్రహాలతో చూసినప్పుడు, చెట్ల కాలచక్రం మీద నగరం ప్రభావం దాని అంచు దాటి 10 కిలోమీటర్ల దాకా పోతుందని 2004లో తేల్చారు. తమ్ముడి పొలం చివరి అపార్ట్‌మెంటుకి ఏడు కిలోమీటర్లే. అంటే నేను ‘పల్లె’ అని రాసుకున్నది కూడా పూర్తిగా పల్లె కాదు. పోయిన నెల వెళ్ళేసరికి పక్క పొలం చదును చేసి రాళ్ళు పాతారు. మట్టి రోడ్డు వేసి, రోడ్డు పొడుగునా దీపపు స్తంభాలకి గుంటలు తీశారు. ఒక గుంట సరిగ్గా మా కానుగకి ఎదురుగా ఉంది.

“ఒరేయ్, ఇక్కడ దీపం పెడితే నా లెక్క పాడవుతుందిరా” అన్నాను.

“అక్కా, నువ్వు ఇంకో డబ్బీ కొనుక్కుని ఇంకాస్త అవతలికి పో” అన్నాడు. “మీ సందు ఇక్కడికే వస్తోంది.”

మూడో డబ్బీ కొన్నాను. అదే కంపెనీది, యాప్ మాత్రం తెరవడం మానేశాను, రీడింగులు ఫైల్‌గా దించుకుని లెక్క నేనే కట్టుకుంటున్నాను. ఫైల్‌లో టైము అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది, కలుపుకోండి. తమ్ముడి గట్టు మీది దాన్ని తీయలేదు. స్తంభం మీద దీపం ఏ రోజు వెలిగిందో తేదీ రాసి పంపమని చెప్పి వచ్చాను. బ్యాటరీ కూడా వాడే మార్చాలి.